చెట్టుకు ఫొటో చాలదా, కొమ్మ కోయాల్సిందేనా?

ఆకురాయి: చెన్నై కాలేజీల్లో బాటనీ పిల్లల చేత ఇంకా తలా పాతిక హెర్బేరియం షీట్లు (కొమ్మను ఎండబెట్టి అంటించిన అట్టలు) చేయిస్తున్నారు. చేతిలో కెమెరా ఉండగా కొమ్మలు కోయడం దేనికి?

మద్దిమాను: కెమెరా అండాశయాన్ని కోసి చూపించదండీ. ఎండిన పువ్వును వేడినీళ్లలో నానబెడితే వందేళ్ల తర్వాతైనా కేసరాలు లెక్కపెట్టొచ్చు. 2007 జనవరి 1 నుంచి కొత్త చెట్టుకు పేరు పెట్టాలంటే టైపుగా, అంటే ఆ పేరుకు ఆధారంగా, ఎండిన నమూనా ఉండాల్సిందే, బొమ్మ చెల్లదు.

ఆకురాయి: ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ సామర్లకోటలో చిత్రకారుల చేత బొమ్మలు గీయించలేదా? ఎన్నో పేర్లకు ఆ బొమ్మలే ఆధారం.

మద్దిమాను: అందుకే చిక్కులు. గీయని భాగాన్ని బొమ్మలో వెతకలేం.

ఆకురాయి: మరి తెల్లమద్ది బెరడు నున్నగా, పాలిపోయి, పొరలుగా ఊడుతుంది. నల్లమద్దిది మొసలి వీపులా పగులుతుంది. దూరం నుంచే తెలుస్తుంది. మీ షీటు మీద ఆ బెరడేదీ?

మద్దిమాను: బెరడు, కోస్తే కారే పాల రంగు, మాను చుట్టుకొలత కోసినప్పుడే నోట్‌బుక్కులో రాయాలి. ఫొటో వద్దన్నదెవరు? మద్ది ఆకు గ్రంథులు చూడండి: తెల్లమద్దికి తొడిమ కొసన, నల్లమద్దికి ఆకు అడుగున నడిమి ఈనె మీద. ఫొటో తీసేవాళ్లలో ఆకు తిప్పేదెందరు? షీటు మీదైతే ఒక ఆకును తిరగేసి అంటించడం నియమం.

నీలిమ: షీట్లకు పురుగు పట్టకుండా వాడే పాదరసపు విషం, మెర్క్యూరిక్ క్లోరైడ్ సంగతి? గ్లవ్స్ లేకుండా ముంచుతున్నారు.

మద్దిమాను: ఇప్పుడు కవరులో గట్టిగా చుట్టి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం పెడితే పురుగు చస్తుంది.

నీలిమ: పాత షీట్ల మీద పాదరసం ఉందిగా!

పులికాట్: నవంబరు ముసురులో కొమ్మను నొక్కి ఆరబెట్టే పేపరు రోజూ మార్చాలి. ఒక్కరోజు మరిచినా ఆకు నల్లబడి బూజు పడుతుంది. దళసరి కాయల్ని నిలువునా చీల్చి పెట్టండి.

ఆకురాయి: నియమాలు బాగానే చెబుతున్నారు! మార్కులు పడగానే మా డిపార్ట్‌మెంటులో కట్టలకు కట్టలు పాతపేపర్లవాడికి వేశారు. లేబుల్ మీద ఊరు లేదు, తేదీ లేదు. క్లాసంతా ఒకే గానుగ చెట్టు మీద పడింది. ఇందుకా కోసింది?

మద్దిమాను: అది పారేసినవాళ్ల తప్పు. కోయడం తప్పెలా అవుతుంది? పైగా మీరు మొదట అడిగింది కెమెరా గురించి.

ఆకురాయి: దాచే చోటు లేకుండా కోయొద్దన్నదే నా మాట.

నీలిమ: పాదరసం గురించి ఎవరూ చెప్పరా?

మద్దిమాను: చెట్టుకొక నంబరు, క్లాసంతటికీ రెండే షీట్లు. ఒకటి కాలేజీకి, రెండోది ఇలాంటి షీట్లు దాచే కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియానికి. సరేనా?

ఆకురాయి: వాళ్లు తీసుకుంటామని రాసిచ్చాక కోయించండి. అంతవరకూ కత్తెర బయటికి తీయొద్దు.