పరకాల దగ్గర నోడ్, ఇంట్లో ఓఎన్‌యూ: 6 గంటల బ్యాకప్‌కు ఎన్ని ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) కావాలి?

పరకాల_ఫైబర్:
అన్నా, రెండు చోట్ల బ్యాకప్ లెక్క తప్పుతున్నది.

ఇంట్లో ఓఎన్‌యూ (ఫైబర్ వైరు వచ్చి చేరే డబ్బా) అడాప్టర్ మీద 12 వోల్టులు 1 ఆంపియర్ అని, వైఫై రూటర్‌ది 12 వోల్టులు 1.5 ఆంపియర్ అని ఉన్నది. ఎంత తింటున్నయో కొలవలేదు. 10000 ఎంఏహెచ్ మినీ యూపీఎస్ పెడితే 2 గంటల 20 నిమిషాలకే అయిపోతున్నది. దాని బదులు 7 ఏహెచ్ ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కరలేని లెడ్ యాసిడ్) బ్యాటరీ, వోల్టేజీ మార్చే ఎల్ఎం2596 బోర్డు కొందామనుకుంటున్న. సరిపోతదా?

రెండోది నోడ్, అంటే ఊరికి నెట్ పంచే చోటు. రేకుల గది. 8 పోర్టుల జీపాన్ ఓఎల్‌టీ (ఊర్లోని ఓఎన్‌యూలకు ఫైబర్ మీద నెట్ పంపే పెట్టె), ఒక స్విచ్, ఒక రూటర్. వాట్ మీటర్‌లో అన్నీ కలిపి 95 వాట్లు చూపిస్తున్నది. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, సైన్ వేవ్ ఇన్వర్టర్, పెట్టి రెండేళ్లు. ఇప్పుడు 3 గంటలకే ఇన్వర్టర్ ఆగిపోతున్నది. పైగా కరెంట్ పోయిన ప్రతిసారీ ఓఎల్‌టీ రీస్టార్ట్ అవుతున్నది. కొమ్మలు కొట్టడానికి ఎల్‌సీ (లైన్ ఆపి పని చేసే అనుమతి) తీసుకుంటే 5, 6 గంటలు కరెంట్ ఉండదు. ఇంకో 150 బ్యాటరీ జత చేయాల్నా?

వాట్‌అవర్_హన్మకొండ:
ఇంటి సంగతి చెప్తా. మినీ యూపీఎస్ మీద రాసే 10000 ఎంఏహెచ్, అంటే 10 ఏహెచ్, లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గరిది. 10 × 3.7 = 37 వాట్ అవర్లు. దాన్ని 12 వోల్టులకు ఎక్కించేటప్పుడు పోయేది పోగా చేతికి 31 దాకా వస్తది. నీకు 2 గంటల 20 నిమిషాలు వచ్చిందంటే లోడ్ 13 వాట్ల చిల్లర. అడాప్టర్ల మీద రాసింది కలిపితే 30 వాట్లు, కానీ అది అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం, డబ్బా తినేది కాదు. బ్యాటరీ ఎప్పుడైనా వాట్ అవర్లలోనే లెక్కకట్టు, ఎంఏహెచ్‌ను నమ్మి కొనకు.

13.3 × 6 = 80. కన్వర్టర్ 10 శాతం తింటది, 89 అనుకో. లెడ్ యాసిడ్‌లో సగమే వాడితేనే బ్యాటరీ నాలుగు కాలాలు ఉంటది కాబట్టి 178 వాట్ అవర్లు, అంటే 15 ఏహెచ్. దుకాణంలో దొరికే సైజు 18. 7 ఏహెచ్ అయితే సగం దాకా వాడితే 3 గంటలకు కొంచెం తక్కువ. మొత్తం పిండితే నాలుగున్నర గంటలు వస్తది గానీ, రోజూ అట్ల పిండితే కొన్ని నెలల్లోనే పోతది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 90 శాతం వాడొచ్చు. ముందుముందు తగ్గే సామర్థ్యానికి 20 శాతం వదిలినా 10 ఏహెచ్‌కు దగ్గర పడుతది. 12.8 వోల్టుల 12 ఏహెచ్ ప్యాక్ తీసుకో.

ఎల్ఎం2596 మాత్రం వద్దు. అది వోల్టేజీ దించే బోర్డే, ఎక్కించేది కాదు. దానికి ఇన్‌పుట్ ఎప్పుడూ అవుట్‌పుట్ కంటే ఒకటి, ఒకటిన్నర వోల్టు ఎక్కువ ఉండాలె. బ్యాటరీ 12.1కి దిగేసరికి రూటర్‌కు 11 వోల్టులు కూడా అందకపోవచ్చు. అప్పుడు ఇంట్లో నలుగురు వీడియో పెట్టంగనే రీస్టార్ట్. బక్-బూస్ట్ బోర్డు అడుగు: 10 నుంచి 14.6 వోల్టుల దాకా ఏది వచ్చినా 12 ఇచ్చేది, 3 ఆంపియర్లది. రూటర్ తగిలించకముందే మీటర్ పెట్టి 12.0కి తిప్పుకో.

ఛార్జర్ విషయంలోనే చాలామంది దెబ్బతింటరు. 2 ఆంపియర్ల ఛార్జర్ పెడితే కరెంట్ ఉన్నప్పుడు 1.2 ఆంపియర్ రూటర్‌కే పోతది, బ్యాటరీకి మిగిలేది 0.8. 6 గంటల్లో తీసిన 7 ఏహెచ్ తిరిగి నిండడానికి 9 గంటలు. సాయంత్రం మళ్లా కరెంట్ పోతే సగం బ్యాటరీతోనే మొదలుపెట్టినట్టు. 5 ఆంపియర్లది తీసుకుంటే 2 గంటల్లో నిండుతది. లిథియానికి 14.6 దాకా పోయి తర్వాత 13.6 దగ్గరికి దిగేది చూసుకో.

ప్లస్ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోనే 5 ఆంపియర్ల ఫ్యూజు. డీసీ పిన్ను 5.5 × 2.1, 5.5 × 2.5 అని రెండు రకాలు. 2.1 సాకెట్‌లోకి 2.5 పిన్ను దూరుతది కానీ వదులుగ ఉంటది, ఫ్యాను గాలికి వైరు కదిలినా ఆగుతది.

లాస్_ఎర్రలైట్:
ఇంటి బ్యాకప్ కొనేముందు ఒక్కసారి కరెంట్ పోయినప్పుడు ఓఎన్‌యూ లైట్లు చూడుర్రి. పాన్ లైట్ నిలకడగ పచ్చగ ఉండి లాస్ (సిగ్నల్ పోయిందని చెప్పే లైట్) ఎర్రగ వెలగకపోతే ఓఎల్‌టీ బతికే ఉన్నట్టు. మధ్యలో ఫైబర్‌ను చాలా ఇండ్లకు చీల్చే స్ప్లిటర్లకు కరెంట్ అవసరం లేదు. స్తంభం మీద స్విచ్‌తో, మీడియా కన్వర్టర్‌తో (ఫైబర్‌ను ల్యాన్ వైరుకు మార్చే డబ్బా) ఇచ్చిన లైన్ అయితే ఇంట్లో ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా ఆ స్తంభం దగ్గర కరెంట్ పోవుడుతోనే నెట్ పోతది.

కాజీపేట_పవర్:
తమ్మీ, నోడ్‌కు రెండో బ్యాటరీ ఇప్పుడే కొనకు. లెక్క చూడు. 95 వాట్లకు ఇన్వర్టర్ తినేది కూడా కలిపితే బ్యాటరీ మీద 125 వాట్లు, 10.5 ఆంపియర్లు. 6 గంటలకు 63 ఏహెచ్. మంచిగున్న 150కి అది సగం కూడా కాదు. 3 గంటలకే ఆగిందంటే లోపం బ్యాటరీలో ఉన్నది. పాతదానికి కొత్తది సమాంతరంగ కడితే పాతది కొత్తదాన్ని కూడా గుంజుతది.

బ్యాటరీ పూర్తిగ ఛార్జ్ చేసి, కొద్దిసేపు ఆగి, హైడ్రోమీటర్‌తో ఆరు సెల్స్ గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం) విడివిడిగ రాయి. చేతులకు గ్లవుజులు, కండ్లకు అద్దాలు పెట్టుకో. ట్యూబులర్‌కు నిండుగ ఉంటే 1.240 దగ్గర చూపాలె.

రీస్టార్ట్ సంగతి: ఇన్వర్టర్ వెనుక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉన్నదా చూడు. మామూలు మోడ్‌లో మారడానికి 40 మిల్లీ సెకన్ల దాకా పట్టొచ్చు, ఓఎల్‌టీ సప్లై అంతసేపు ఓర్వదు. ఆ కంటిరెప్ప పాటుకే ఓఎల్‌టీ మళ్లా లేచి, ఓఎన్‌యూలన్నీ ఒక్కొక్కటిగ రిజిస్టర్ అయ్యేదాకా ఊరంతా నెట్ ఉండదు.

పరకాల_ఫైబర్:
మోడ్ మార్చిన, రీస్టార్ట్ ఆగింది. గ్రావిటీ: 1.235, 1.230, 1.235, 1.150, 1.230, 1.235. నాలుగో సెల్‌లో నీళ్లు మాత్రం మంచిగనే ఉన్నయి.

కాజీపేట_పవర్:
నాలుగోదే పోయింది. మిగతావాటికీ దానికీ కనీసం 0.080 తేడా. లోడ్ మీద ఆ సెల్ సున్నాకు పడిపోతే మిగిలిన అయిదు సెల్స్ 2 వోల్టుల చొప్పున 10 వోల్టులే ఇస్తయి. ఇన్వర్టర్ 10.5 దగ్గరే కోసేస్తది. అయిదు సెల్స్‌లో ఛార్జ్ ఉండంగనే నోడ్ ఆగుతున్నది అందుకే. ఒక్కసారి రాత్రంతా నెమ్మదిగ ఛార్జ్ చేసి మళ్లా చూడు. తేడా అట్లనే ఉంటే వారంటీ కార్డు తీయి.

కొత్తది పెట్టేటప్పుడు చోటు మార్చు. రోహిణి కార్తెలో రేకుల గది 45 డిగ్రీలు దాటుతది. 25 మీద ప్రతి 10 డిగ్రీలకు లెడ్ యాసిడ్ ఆయుష్షు సగమైతది. ఓఎల్‌టీ ఫ్యాను వేడిగాలి బ్యాటరీ మీదికి రానియ్యకు, గోడ కింది భాగంలో ఒకటి, పైన ఒకటి గాలి దారులు పెట్టు. లిథియానికి పోతే ప్యాక్ మీద ఛార్జింగ్ ఉష్ణోగ్రత చూసి కొను. హద్దు 45 అని ఉన్నదైతే ఆ గదిలో మధ్యాహ్నం ఛార్జ్ కాకుండ ఆగుతది.

వాట్‌అవర్_హన్మకొండ:
ఓఎల్‌టీకి మైనస్ 48 వోల్టుల డీసీ ఇన్‌పుట్ ఉంటే ఇన్వర్టర్‌నే తీసేయొచ్చు. డీసీ మీద 85 వాట్లు అనుకుంటే 6 గంటలకు 510 వాట్ అవర్లు. సగం వాడకం, ముసలితనం కలిపి చూస్తే 1275, అంటే 48 వోల్టుల దగ్గర 26.6 ఏహెచ్. 12 వోల్టుల 26 ఏహెచ్‌వి నాలుగు బొటాబొటి, 42వి నాలుగు తీసుకుంటే నిమ్మళం. 10 ఆంపియర్ల రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసే ఛార్జర్), ఫ్లోట్ (నిండినంక నిలబెట్టే వోల్టేజీ) 54 వోల్టులు, 43.2 దగ్గర లోడ్ కోసే ఎల్‌వీడీ.

ఒక్కటి మరువకు: మైనస్ 48లో ప్లస్ ఎర్త్‌కు పోతది. అదే బ్యాంకు నుంచి 12 వోల్టుల రూటర్‌కు ఐసోలేషన్ లేని (ఇన్‌పుట్, అవుట్‌పుట్ విడిగ లేని) కన్వర్టర్ పెడితే రూటర్ మైనస్, బ్యాటరీ మైనస్ ఒకటే అయితయి. షీల్డ్ ఉన్న ల్యాన్ కేబుల్‌తో రూటర్ బాడీ, ఓఎల్‌టీ బాడీ కలవంగనే షార్ట్, పోర్ట్ కాలిపోతది. ఐసోలేటెడ్ అని రాసి ఉన్న డీసీ-డీసీ కన్వర్టరే తీసుకో. తగిలించేముందు ఇన్‌పుట్ మైనస్‌కూ అవుట్‌పుట్ మైనస్‌కూ మధ్య మీటర్ బీప్ కొట్టకుండ ఉండాలె.