1968 బీటిల్‌కు సరైన వెనుక షాఫ్టులు ఏవో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. నా 1968 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో గేరు వేసి క్లచ్ వదిలిన ప్రతిసారీ వెనుక ఎడమ చక్రం వైపు నుంచి టక్కుమని శబ్దం వస్తోంది. ఆ వైపు రబ్బరు బూటు (షాఫ్టు మీది తొడుగు) చిరిగి, నల్లటి గ్రీజు చక్రం లోపలి అంచు దాకా చిమ్మింది. గేర్‌బాక్సు నుంచి వెనుక చక్రాలను తిప్పే రెండు షాఫ్టులూ మార్చుదామని విడిభాగాల జాబితా తెరిస్తే ఆ ఒక్క సంవత్సరానికే మూడు రకాలు కనిపించాయి. వాటిలో ఏది తెప్పించాలో చెప్పగలరా?

జవాబు 1:
తయారైన సంవత్సరాన్ని కాసేపు పక్కన పెట్టి, కారు కిందికి దూరి చూడండి. గేర్‌బాక్సు నుంచి చక్రం వరకు ఇరుసు లావాటి గొట్టంలో దాగి ఉంటే అది స్వింగ్ యాక్సిల్, అంటే గొట్టంతో సహా పైకీ కిందికీ ఊగే పాత రకం ఇరుసు. అలా కాక షాఫ్టు బయటికే కనిపిస్తూ, రెండు చివరలా ఆరేసి బోల్టులతో బిగించిన సీవీ జాయింట్లు (షాఫ్టు వంగినా తిరిగేలా చేసే, లోపల బాల్స్ ఉన్న కీళ్ళు) ఉంటే అది ఐఆర్‌ఎస్, అంటే ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్ అనే తరువాతి రకం. మీరు గ్రీజు అన్నారు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే, ఎందుకంటే స్వింగ్ యాక్సిల్ బూటు చిరిగితే కారేది గేర్ ఆయిల్. అయితే 1968 మోడల్లో ఐఆర్‌ఎస్ వచ్చింది క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ స్టిక్‌షిఫ్ట్ బీటిల్‌కు మాత్రమే. మీరేమో క్లచ్ వదిలానంటున్నారు!

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. షాఫ్టులు బయటికే ఉన్నాయి, బోల్టులు ఆరేసి. కానీ క్లచ్ పెడల్ ఉంది, ముందుకు నాలుగు గేర్లూ పడుతున్నాయి.

జవాబు 2:
అయితే స్టిక్‌షిఫ్ట్‌గా పుట్టిన బండికి తరువాత ఎవరో మాన్యువల్ గేర్‌బాక్సు వేసి ఉంటారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. ఆ రెండు గేర్‌బాక్సులకు వాడే షాఫ్టుల పొడవు ఒకటి కాదు. గేర్‌బాక్సు మార్చినవారు పాత షాఫ్టులనే తిరిగి బిగించి ఉంటే, ఇప్పుడు మీరు వాటిని కొలిచి అదే కొలతకు కొత్తవి తెప్పిస్తే, ఆ తప్పే మళ్ళీ కొనుక్కున్నట్లవుతుంది. షాఫ్టు చివరి పళ్ళ లెక్క సరిపోయినంత మాత్రాన పొడవు సరిపోయినట్లు కాదు. జాయింటు విప్పి, గ్రీజు పూర్తిగా తుడిచి, బయటి రింగు గాడుల్లో బాల్స్ ఒరిసిన మెరుపు గాడి మధ్యలో ఉందో, ఒక అంచుకు జరిగి ఉందో చూడండి. అంచున ఉంటే పొడవు తేడా వచ్చినట్లే. జాయింటు బయటి వ్యాసం కూడా వెర్నియర్‌తో కొలవండి. బీటిల్‌ది 94 మి.మీ., అదే సంస్థ వ్యానుది 100 మి.మీ. బోల్టు తలల్లో పేరుకున్న మట్టిని సూదిమొనతో గీకి తీశాకే పనిముట్టు దించండి, లేకపోతే బోల్టు తలలోని పళ్ళు చెడిపోయి సగం రోజు అక్కడే గడిచిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
వ్యాసం 94 వచ్చింది. ఆరు గాడుల్లోనూ మెరుపు ఒకే అంచుకు చేరి ఉంది, అక్కడ వేలిగోరు తగిలేంత గుంట కూడా పడింది. మాన్యువల్ గేర్‌బాక్సు ఐఆర్‌ఎస్ షాఫ్టులు, నాలుగు కొత్త జాయింట్లతో సహా తెప్పిస్తున్నాను. ఇద్దరికీ ధన్యవాదాలు.