బార్శి లైన్ గూడ్సు పెట్టెలు: చేత్తో కోద్దామా, ప్రింటర్‌కి అప్పగిద్దామా?

సోలాపూర్ తెలుగువాడు
మా జిల్లాలో నడిచిన బార్శి లైట్ రైల్వే గూడ్సు పెట్టెల్ని 4 మి.మీ. స్కేల్లో (అసలు ఒక అడుగుకి 4 మి.మీ.) మోడల్స్‌గా కట్టడం మొదలుపెట్టాను. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. ఇది నారోగేజ్, అంటే పట్టాల మధ్య దూరం (గేజు) 762 మి.మీ. మాత్రమే. 1897లో బార్శి రోడ్, అంటే ఇప్పటి కుర్దువాడి నుంచి, బార్శి ఊరికి బండి నడిచింది. దీని వెనకున్న ఇంజనీరు ఎవరార్డ్ కాల్‌థ్రప్. ఏ ఇరుసు మీదా 5 టన్నులు దాటకూడదని లెక్క కట్టుకుని, ఇంజన్లూ పెట్టెలూ అన్నీ ఆ లెక్కకే చేయించాడు. గూడ్సు పెట్టెలకి 25 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉన్న ఒకే రకం ప్రెస్‌డ్ స్టీల్ అండర్‌ఫ్రేమ్ (పెట్టె కింది చట్రం). మన స్కేల్లో సరిగ్గా 100 × 28 మి.మీ. వస్తుంది.

నేను స్టైరీన్ (ప్లాస్టిక్) షీటు, కత్తి, స్టీలు స్కేలుతోనే చేస్తానన్నాను. మా ఫ్రెండు మాత్రం "ఇవాళ ఎవరు కోస్తున్నారు, 3డీ ప్రింట్ కొట్టించు" అంటున్నాడు. అలా అయితే ఇందులో నేను చేసిందేముంటుంది? మీ మాట చెప్పండి.

కూకట్‌పల్లి రెసిన్
అన్నా, మీరు చెప్పిన చరిత్రే మీకు ఎదురు తిరుగుతోంది. కాల్‌థ్రప్ గొప్పతనమే ఒక ఫ్రేము మీద రకరకాల పెట్టెలు పెట్టడం. అసలు వ్యాగన్లే అచ్చులో ఒత్తినవైతే, మోడల్ ఫ్రేములు ఒక కంప్యూటర్ ఫైలులోంచి వస్తే తప్పేంటి?

పని లెక్క కూడా చూడండి. నాలుగు పెట్టెలంటే ఎనిమిది బోగీలు (పెట్టె రెండు చివర్ల కింద ఉండే చక్రాల చట్రాలు), వాటి రెండు పక్కలా కలిపి పదహారు సైడ్ ఫ్రేములు. వాటిలో ఒక్కదానిలో ఇరుసు రంధ్రం అర మి.మీ. పక్కకి పోయినా ఆ బోగీ వంకరగా పరిగెడుతుంది. నేను గీసి ప్రింట్ తీస్తే పదహారూ ఒకటే. ఆ బొమ్మ గీయడానికి రాత్రుళ్లు కూర్చునేది నేనే. మెషీన్ దానంతటది కాల్‌థ్రప్ వ్యాగన్ గీయదు.

నౌపడ పాసింజర్
మాది టెక్కలి దగ్గర. నౌపడ–పర్లాకిమిడి చిన్న రైలు కూడా 762 మి.మీ. గేజే. 1900లో మొదలై తర్వాత గుణుపూర్ దాకా సాగింది, 2004లో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ బ్రాడ్‌గేజ్. చిన్న రైలు పెట్టెలు ఇక మళ్లీ పట్టాల మీద కనపడవు. అందుకే ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ, ఏమీ అనుకోకండి.

కూకట్‌పల్లి తమ్ముడూ, ఫైలు గీయాలంటే ప్రతి కొలతా ముందే ఇచ్చి తీరాలి. తెలియనిచోట ఏదో ఒక అంకె పడుతుంది, అది అన్ని పెట్టెలకీ పాకుతుంది. చేత్తో చేసేవాడు అలా కాదు. తలుపు కోసి, అంటించకుండా పెట్టెకి ఆనించి, ఫోటో పక్కన పెట్టి చూస్తాడు. ఎత్తు ఎక్కువైందనిపిస్తే రెండు సార్లు ఆకురాయి లాగుతాడు. పెట్టె చివరి వైపు సూటిగా ఎదురుగా నిలబడి తీసిన ఫోటో దొరికితే ఇంకా మంచిది. పట్టాల మధ్య 762 అని తెలుసు కాబట్టి, దాన్ని కొలబద్దగా పెట్టుకుని వెడల్పు, ఎత్తు రాబట్టొచ్చు.

పలకల సంగతి చెప్తా. అర మి.మీ. స్టైరీన్ మీద కత్తి మొనని తిరగేసి, వీపు వైపుతో గీత లాగితే గాడికి రెండు పక్కలా సన్నటి గట్టు లేస్తుంది. సన్న ఎమరీ కాగితంతో ఒక్కసారి తుడవండి. గట్టు పోయి గాడి మిగులుతుంది. తర్వాత అక్కడక్కడ ఒక పలక అంచుని గోటితో నొక్కండి. ఎండకీ వానకీ మగ్గిన చెక్క అట్లాగే ఉంటుంది. రివెట్లకైతే పల్చటి షీటుని వెనక నుంచి మొద్దు సూదితో ఒత్తాలి. ప్రతి రివెట్టూ కాస్త తేడాగా వస్తుంది. ప్రింటులో అన్నీ ఒకే మూసలో ఉంటాయి.

కూకట్‌పల్లి రెసిన్
గురువుగారూ, స్టైరీన్ ముక్క కోయడానికైనా ముందు ఒక అంకె అనుకోవాల్సిందే కదా. కొత్త ఫోటో దొరికిందంటే మీరు పెట్టె పగలగొట్టాలి, నేను ఒక అంకె మార్చి మళ్లీ తీస్తాను. పలకలంటారా, 0.05 మి.మీ. పొరలతో తీసి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొడితే గీతలు కనపడవు. పలక పాతబడినట్టు గీయడమూ చేయొచ్చు, ఓపిక ఉండాలి అంతే.

టంకం తీగ
ఇద్దరూ పెట్టె గోడల గురించే కొట్టుకుంటున్నారు, కింద పట్టాల మాట ఎవరూ ఎత్తలేదు. 762ని 4 మి.మీ. స్కేల్లోకి దించితే 10 మి.మీ. సోలాపూర్ అన్నయ్య కొనేది మామూలు 9 మి.మీ. ట్రాకే అయి ఉంటుంది. అంటే అసలు రైల్లో 76 మి.మీ. కోసేసినట్టు. ఒక మెట్టు దిగి 1:87లో (అసలుకి 87వ వంతు) చేస్తే గేజు 8.76 వస్తుంది, 9కి దాదాపు సరిపోతుంది. పెట్టె 87.6 × 24.5 అవుతుంది. రివెట్టు గుండ్రంగా వచ్చిందా లేదా అని ఇంతసేపు వాదించుకునేవాళ్లు గేజు దగ్గర సర్దుకుపోవడం నాకు నచ్చలేదు.

ఇంకో మాట, ప్రింటరుంది కదా అని పీఎల్ఏ (3డీ ప్రింటర్లలో వాడే ఒక రకం ప్లాస్టిక్) వాడకండి. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. మే నెలలో మూసిన కార్లో మోడల్ పెట్టె మర్చిపోతే ఆ 100 మి.మీ. ఫ్రేము నడుం వంగిపోతుంది. రెసిన్ (ప్రింట్ చేశాక గట్టిపడే ద్రవం) అయితే గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, గట్టిపడని రెసిన్ చర్మానికి ఎలర్జీ తెస్తుంది.

సోలాపూర్ తెలుగువాడు
టంకం అక్కా, నిజమే, ట్రాక్ 9 మి.మీ.దే. కానీ 4 మి.మీ. స్కేలు వదలను. ఇంట్లో ఉన్న స్టేషనూ మనుషుల బొమ్మలూ అన్నీ ఆ స్కేలువే. పక్క నుంచి చూస్తే గేజు తేడా కనపడదు, పెట్టె గోడ మాత్రం అందరికీ కనపడుతుంది.

బోగీల విషయంలో కూకట్‌పల్లి వాదన కాదనలేను. అందుకని ఇలా అనుకుంటున్నాను: ఒక్క సైడ్ ఫ్రేము స్టైరీన్‌తో శ్రద్ధగా చేసి, సిలికాన్ అచ్చు తీసి, మిగతావి పోత పోస్తాను. పెట్టెలు మాత్రం చేత్తోనే.

కూకట్‌పల్లి రెసిన్
పోత పోయడం అంటే కాపీలు తీయడమే కదా అన్నా! సిలికాన్ అచ్చు వాడేకొద్దీ అంచులు చిరిగిపోతాయి, ఫైలు చిరగదు. మరి ప్రింటర్ చేసిన పాపమేంటి?

నౌపడ పాసింజర్
పాపం కాదు నాయనా. మొదటి ఫ్రేము కోసినప్పుడు ఇరుసు పెట్టె ఎక్కడ కూర్చుంటుందో, స్ప్రింగుకి ఎంత చోటు ఉందో చేతికి తెలుస్తుంది. ఆ మాస్టర్ (అచ్చు తీసే మొదటి ముక్క) చేసినవాడు తర్వాత ఏ నారోగేజ్ ఫోటో చూసినా వేరే కళ్లతో చూస్తాడు. తెర మీద ఎంత పెద్దది చేసుకుని చూసినా నాకు అది రాలేదు. నీకు వస్తే సంతోషం. కొత్తగా మొదలుపెట్టేవాడికి మాత్రం మొదటి పెట్టె కత్తితోనే చెయ్యమని చెప్తాను, ఇందులో వెనక్కి తగ్గను.

సోలాపూర్ తెలుగువాడు
ఒక సందేహం. మూత ఉన్న పెట్టెకి గోడల్ని రెండు పొరలుగా అంటిస్తే కొన్ని నెలలకి లోపలికి వంగుతాయంటారు. నిజమేనా?

టంకం తీగ
నిజమే. పొరల మధ్య చిక్కుకున్న ద్రావకం (స్టైరీన్‌ని కరిగించి అంటించే ద్రవం) మెల్లగా బయటికి పోతూ ప్లాస్టిక్‌ని లాగేస్తుంది. లోపలి పొరకి అంటించే ముందే వరసగా రంధ్రాలు వేయండి, ఫ్లోరుకి కూడా రెండు మూడు పెట్టండి. ద్రావకం బ్రష్‌తో అంచుకి తాకిస్తే చాలు, పొర అంతా తడపకండి. పైకప్పు వెంటనే అంటించొద్దు, కొన్ని వారాలు ఊరికే పెట్టి ఉంచండి. గోడల మధ్య అడ్డంగా ఒక చెక్కో బలమైన స్టైరీన్ ముక్కో పెట్టండి. బయటికి కనపడదు కాబట్టి ఎంత లావైనా పర్వాలేదు. బరువు కోసం పెట్టే సీసం ముక్క ఆ అడ్డానికి కాకుండా ఫ్లోరుకి, రెండు బోగీల మధ్య అంటించండి.