ఫోన్ లైన్‌లో కాగితం ఎలా వెళ్తుంది? ఫ్యాక్స్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
యూఎస్ మెడికల్ బిల్లింగ్ ప్రాసెస్‌లో చేస్తున్నా. ఏ ఇన్సూరెన్స్ వాళ్లకి కాల్ చేసినా "రికార్డ్స్ ఫ్యాక్స్ చెయ్యండి" అంటారు. మేం కంప్యూటర్ నుంచే పంపేస్తాం, అసలు మెషిన్ నేను ఇంతవరకు ముట్టుకోనేలేదు. మొన్న సరదాకి ఆ నంబర్‌కి ఫోన్ చేసి వింటే చెవిలో కీచుమని ఒకటే గోల. ఏంటది? మాటలు వెళ్లే లైన్‌లో పేజీ ఎలా వెళ్తుంది? ఈ రోజుల్లో కూడా దీన్నెందుకు పట్టుకుని వేలాడుతున్నారు?

మోడెం_మావ:
ఆ గోలే ఫ్యాక్స్ బ్రో. డయల్ చేసిన మెషిన్ 1100 హెర్ట్జ్ కూత వేస్తుంది, ఎత్తినది 2100 హెర్ట్జ్‌లో బదులిస్తుంది, తర్వాత నీ స్పీడెంత నా స్పీడెంత అని రెండూ కాసేపు బేరమాడుకుంటాయి, లైన్ బాగాలేకపోతే సెకనుకి 9600 బిట్ల (బిట్ అంటే ఒక 0 లేదా 1) నుంచి 7200కి, 4800కి దిగుతాయి.

ఇక పేజీ సంగతి. స్కానర్ ఒక్కో అడ్డ లైన్‌ని 1728 చుక్కలుగా చూస్తుంది, ప్రతి చుక్కా తెలుపో నలుపో, మధ్యలో ఇంకేం లేదు. మామూలు మోడ్‌లో ఏ4కి 1140 లైన్ల దాకా వస్తాయి, అంటే దాదాపు 20 లక్షల చుక్కలు. యథాతథంగా పంపితే 9600 స్పీడ్‌లో మూడున్నర నిమిషాలు పడుతుంది. అందుకే వరసగా ఎన్ని తెలుపు, ఎన్ని నలుపు అని లెక్క మాత్రమే పంపుతుంది. ఖాళీ లైన్ మొత్తానికి 17 బిట్లు చాలు! నాకు బాగా నచ్చేది ఏంటంటే రెండు నల్ల చుక్కలకి కోడ్ 11, మూడిటికి 10, అన్నిటికంటే పొట్టి కోడ్‌లు ఇవే, ఎందుకంటే టైపు చేసిన అక్షరాల గీతలు దాదాపు అంత మందమే ఉంటాయి. టైపు పేజీ నిమిషంలోపే పోయి ఫొటో ఉన్న పేజీ ఈడ్చేది ఇందుకే.

పాత_బూత్_బాబాయ్:
90ల్లో విజయవాడలో మా అన్నయ్యకి ఎస్టీడీ బూత్ ఉండేదండి, జిరాక్స్, ఫ్యాక్స్ కూడా. ఇంక్ ఉండేది కాదు, రోల్ పేపర్‌కి వేడి తగిలితే నల్లబడేది. గోటితో గట్టిగా గీకినా గీత పడేది. చుట్టచుట్టుకుపోయి వచ్చేది, కొన్నాళ్లకి అక్షరాలు మాసిపోయేవి, అందుకే వచ్చిన ఫ్యాక్స్‌కి వెంటనే జిరాక్స్ తీయించుకోమని చెప్పేవాళ్లం (అదీ మా దగ్గరే అనుకోండి 😀). వెళ్లిందని రిపోర్ట్ ప్రింట్ అయి దాని మీద ఓకే అని చూస్తేగానీ కస్టమర్లు డబ్బులిచ్చేవాళ్లు కాదు.

చరిత్ర_పిచ్చి:
ఎవరూ చెప్పలేదు గానీ ఫ్యాక్స్ ఫోన్ కంటే ముందుది! అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లండ్ గడియారాలాయన 1843లోనే పేటెంట్ తీసుకున్నాడు, బెల్ ఫోన్ పేటెంట్ 1876. రెండు ఊళ్లలో రెండు లోలకాలు ఒకే లయలో ఊగాలి, ఒకటి చదువుతుంటే రెండోది రాయాలి. ఆ లయ కుదరడమే కష్టమైంది. దాన్ని దారికి తెచ్చింది కసెల్లి అనే ఇటలీ ఆయన, 1865లో పారిస్–లియాన్ మధ్య సర్వీసే నడిచింది, బ్యాంకుల వాళ్లు సంతకాలు సరిచూసుకోడానికి వాడేవారు.

తర్వాత చాలాకాలం వార్తాపత్రికలకి ఫొటోలు పంపడానికే పరిమితం. 1966లో జిరాక్స్ కంపెనీ ఆఫీసుల కోసం తెచ్చిన మెషిన్‌కి పేజీకి ఆరు నిమిషాలు. అసలు మలుపు నా దృష్టిలో 1980లో వచ్చిన గ్రూప్ 3 స్టాండర్డ్, మోడెం మావ చెప్పిందంతా అదే, దాంతో ఏ కంపెనీ మెషినైనా ఏ కంపెనీ మెషిన్‌తోనైనా మాట్లాడగలిగింది. జపాన్ వాళ్లు ఎక్కువ ఊపు తెచ్చారు, వేల కంజి అక్షరాలు టైపు చేయడం కంటే చేత్తో రాసి పంపడమే వాళ్లకి సుఖం. 2021లో అక్కడి మంత్రి ప్రభుత్వాఫీసుల్లో ఫ్యాక్స్ తీసేద్దామంటే ఆఫీసులే వద్దని మొరపెట్టుకున్నాయి.

మన దగ్గరా 2018 నవంబర్‌లో కశ్మీర్‌లో మెహబూబా ముఫ్తీ ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని పంపిన లెటర్ రాజ్‌భవన్ ఫ్యాక్స్‌కి వెళ్లట్లేదని గొడవైంది గుర్తుందా, గవర్నర్ సెలవు రోజు ఫ్యాక్స్ దగ్గర ఎవరుంటారన్నారు 😂

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
థాంక్యూ అందరికీ. ఇంకోటి, పెద్ద ఫైళ్లు సగంలో ఫెయిల్ అవుతుంటాయి, మాది నెట్ ఫోన్ లైన్. దానికీ దీనికీ సంబంధం ఉందా?

మోడెం_మావ:
ఉంది. నెట్ కాల్స్‌లో సౌండ్‌ని మనిషి గొంతుకి సరిపడా కుదించేస్తారు, మనకి తేడా తెలీదు, కానీ ఫ్యాక్స్ కూతలు పాడైపోతాయి. నెట్‌లో సౌండ్ చిన్న ముక్కలుగా (ప్యాకెట్లు) వెళ్తుంది, ఒక ప్యాకెట్ లేటైనా లయ తప్పుతుంది, బెయిన్ లోలకాల గోలే మళ్లీ. టీ.38 అనే పద్ధతి ఆన్ చేశారా అని మీ ఐటీ వాళ్లని అడుగు, అది ఫ్యాక్స్‌ని సౌండ్‌గా కాకుండా డేటాగానే పంపుతుంది. లేదంటే కుదింపు లేని జీ.711 అనే సౌండ్ పద్ధతి పెట్టి స్పీడ్ 9600కి దించమను. అమెరికా వాళ్లు వదలకపోడానికి పెద్ద కారణం, ఒక ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఇంకో ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌తో సరిగ్గా మాట్లాడదు, ఫ్యాక్స్ నంబర్ మాత్రం అందరికీ ఉంటుంది. మీ ఐటీ వాళ్లు లైన్ సరిచేసేదాకా నలభై పేజీల రికార్డ్ ఒకే కాల్‌లో పంపకు, పదేసి చొప్పున విడగొట్టు.