మా కుందేలుకి గురువారం ఆపరేషన్, నాకేమో నిద్ర పట్టడం లేదు

అందరికీ నమస్కారమండీ. మా బుజ్జికి 14 నెలలు. ఆడ కుందేలు. గురువారం గర్భసంచి తీసే ఆపరేషన్‌కి తేదీ ఖాయమైంది.

ఎందుకు చేయించాలో తెలుసు. ఆడ కుందేళ్ళకి మూడు నాలుగేళ్ళు దాటాక గర్భసంచిలో క్యాన్సర్ రావడం బాగా ఎక్కువ. పైగా ఈ మధ్య ఇది కడుపుతో లేకపోయినా ఒంటి మీద బొచ్చు పీక్కుని గూడు కడుతోంది. నోట్లో ఎండుగడ్డి మీసాల్లా వేలాడేసుకుని సోఫా కిందకి దూరుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

భయమల్లా మత్తు గురించే. మొదట వెళ్ళిన క్లినిక్‌లో "రాత్రి నుంచి ఏమీ పెట్టకండి" అన్నారు. మత్తులో వాంతవుతుందని పస్తు ఉంచడానికి కుందేళ్ళు అసలు వాంతే చేసుకోలేవు, పైగా పస్తు పెడితే పేగుల కదలిక ఆగిపోతుంది కదా! కుక్కలకి చెప్పేదే దీనికీ చెప్పేశారని అర్థమై వచ్చేశాం. ఇప్పటి డాక్టరుగారు కుందేళ్ళకి చేసినవారే, చివరిదాకా గడ్డి తిననివ్వమన్నారు. అయినా రాత్రి రెండింటికి లేచి, అది ఊపిరి తీస్తోందా అని చూసొస్తున్నా. "ముందు నీకివ్వాలి మత్తు" అంటున్నారు మావారు.

చేయించినవాళ్ళు చెప్పరూ? లోపల ఆపరేషన్ జరుగుతుంటే బయట ఎలా కూర్చున్నారు? ఇంటికొచ్చాక ఎంతసేపటికి తిండి ముట్టింది, పెంటికలు ఎప్పుడు వేసింది? నొప్పి మందు ఎన్ని రోజులు వాడారు? కుట్లు కొరక్కుండా ఏం చేశారు? కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడుకే పరిగెత్తుకొచ్చే పిల్ల ఇది. ఆ రోజు రాకపోతే ఎంతసేపు ఆగి డాక్టరుకి ఫోన్ చెయ్యాలి?