ఎర్ర బురద దారులకు ఏ బాటమ్ బ్రాకెట్ మన్నుతుంది?

ప్రశ్న: రాయగడ నుంచి

అందరికీ నమస్కారం. వానాకాలంలో నేను బిసంకటక్ వైపు కొండ దారుల్లో మౌంటెన్ సైకిల్ తొక్కుతుంటాను. ఇక్కడి ఎర్రమట్టి తడిసిందంటే మెత్తని ముద్దలా క్రాంకుకూ (పెడల్ బిగించే చేతికి) ఫ్రేముకూ నడుమనున్న సందులో పేరుకుపోతుంది. వానలు వెనకబట్టే నాటికి బాటమ్ బ్రాకెట్ (ఫ్రేము అడుగున క్రాంకు ఇరుసు తిరిగే భాగం) బేరింగులు గరగరలాడుతున్నాయి, క్రాంకు పట్టుకుని అటూ ఇటూ కదిపితే లూజు కూడా చేతికి తెలుస్తోంది. నా ఫ్రేము బాటమ్ బ్రాకెట్‌ను మరలతో బిగించే బీఎస్ఏ రకం, అది కూర్చునే గొట్టం వెడల్పు 73 మిల్లీమీటర్లు, క్రాంకు 24 మిల్లీమీటర్ల ఇరుసున్న షిమానో హాలోటెక్. ఈ సరుకు మా ఊళ్లో దొరకదు కనుక విశాఖపట్నం నుంచి తెప్పించుకోవాలి. ఖరీదైనది ఒక్కసారి వేయించడం మేలా, డియోర్ స్థాయిది (షిమానోలో మధ్యరకం) వేసి అరిగినప్పుడల్లా మార్చుకోవడం మేలా, లేక పాతకాలపు స్క్వేర్ టేపర్‌కు (ఇరుసు కొనలు నలుచదరంగా ఉండే రకానికి) మారిపోవడం మేలా? అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు: పర్లాకిమిడి నుంచి

మహేంద్రగిరి చుట్టుపక్కల దారులూ ఇటువంటివే కనుక మీ బాధ నాకు తెలుసు. నా అభిప్రాయం డియోర్ స్థాయిదే కొని, ఒకటి అదనంగా ఇంట్లో ఉంచుకోమని. హాలోటెక్‌లో బేరింగులు ఫ్రేము గొట్టానికి బయట, కప్పుల్లో ఉంటాయి. ఇరుసు లావుగా ఉండడం వల్ల గోళీలకు మిగిలే చోటు తక్కువ. సన్నని మట్టి నీళ్లతో కలిసి రబ్బరు సీలు అంచు దాటిందంటే గ్రీజు కొట్టుకుపోయి, తుప్పు మొదలై, గోళీల దారి గుంటలు పడుతుంది. సిరామిక్ గోళీలకు డబ్బు పోసినా సీలు అదే రకమైతే బురద ముందు అదనంగా ఒరిగేదేమీ లేదు. ఖర్చు పెట్టాలనే ఉంటే, విప్పి గ్రీజు నింపుకునే వీలున్న క్రిస్ కింగ్ వంటివాటికి పెట్టండి, అదీ ఆ పని శ్రద్ధగా చేసుకునే ఓపిక ఉంటేనే.

మరొక విషయం. నీరు బయటి నుంచే వస్తుందనుకోవద్దు. సీటు గొట్టం పై చీలిక గుండా దిగిన వాన నీరు అడుగున, బాటమ్ బ్రాకెట్ గొట్టంలోనే నిలుస్తుంది. రెండు కప్పుల నడుమ ఉండే ప్లాస్టిక్ గొట్టాన్ని మెకానిక్కులు కొందరు అనవసరమని తీసేస్తారు, కానీ లోపలి నీటిని ఆపేది అదే. ఫ్రేము అడుగున నీరు జారే రంధ్రం ఉంటే అది బురదతో మూసుకుపోకుండా చూసుకోండి.

జవాబు: జయపురం నుంచి

నేను సైకిళ్లు బాగుచేసేవాడిని. పై మిత్రుడు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, స్క్వేర్ టేపర్‌ను తేలిగ్గా వదిలేయకూడదు. అందులో ఇరుసు సన్నం, బేరింగులు గొట్టం లోపలే ఒకే డబ్బాలో మూసి ఉంటాయి, గోళీలూ పెద్దవి. షిమానో యూఎన్300 వంటిది బురదను ఎక్కువ కాలం తట్టుకుంటుంది, ధరా తక్కువే. అయితే మీకు క్రాంకు కూడా మార్చాలి, ఆ క్రాంకుకు తగిన ఇరుసు పొడవు ఎంచుకోకపోతే చెయిన్ ముందు వెనక పళ్ల చక్రాల మధ్య సూటిగా నడవదు. క్రాంకు ఇంకా బాగుంటే ఆ ఖర్చు వద్దనే అంటాను.

బిగింపు గురించి నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే బురదకంటే ముందే బిగింపులో చెడిన బేరింగులు నా దగ్గరకు ఎన్నో వస్తాయి. గొట్టం మరల్లోని పాత మట్టిని బ్రష్షుతో పూర్తిగా తీసి, గ్రీజు రాసి, కప్పును ముందు చేత్తోనే తిప్పాలి. చెయిన్ వైపు కప్పు మర ఎదురు దిశలో ఉంటుంది. 73 గొట్టానికి చెయిన్ వైపు మాత్రమే ఒక 2.5 మిల్లీమీటర్ల స్పేసర్ (ఎడం కోసం వేసే రింగు) వేయాలి. కప్పులకు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల (టార్క్ పానా మీద కనిపించే బిగింపు కొలత) బిగింపు కావాలి, ఎడమ క్రాంకు మీది ప్లాస్టిక్ మూతకు మాత్రం 0.7 నుంచి 1.5 చాలు. ఆ మూతను బలం కొద్దీ బిగిస్తే బేరింగుల మీద పక్క నుంచి ఒత్తిడి పడి కొత్తవి కూడా త్వరగా అరుగుతాయి. తర్వాత క్రాంకు రెండు బోల్టులను 12 నుంచి 14 వరకు, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి.

మళ్లీ రాయగడ నుంచి

మీ మాట ప్రకారం సీటు స్తంభం తీసి ఫ్రేమును తలకిందులు చేస్తే లోపలి నుంచి ఎర్ర నీరు కారింది. క్రాంకు బాగానే ఉంది కనుక డియోర్ స్థాయిదే తెప్పిస్తాను. వానల మధ్యలో దానికి నేనే గ్రీజు పెట్టుకోవచ్చా?

జవాబు: పర్లాకిమిడి నుంచి

పెట్టుకోవచ్చండి. క్రాంకు లాగి, కప్పు మీది ప్లాస్టిక్ మూతను నెమ్మదిగా ఎత్తి, లోపలి రబ్బరు సీలును సన్నని బ్లేడుతో అంచు చిరగకుండా లేపి, పాత గ్రీజు తుడిచి, నీటికి కరగని గ్రీజు నింపండి. బేరింగు అప్పటికే గరుకుగా తిరుగుతుంటే గ్రీజుతో బాగుపడదు, మార్చాల్సిందే. మోటారు సైకిళ్ల వాటర్ సర్వీసింగ్ వాళ్ల దగ్గర మాత్రం కడిగించకండి, ఆ పైపు ఒత్తిడి సీలు దాటించి నీటిని లోపలికే పంపుతుంది. బకెట్టు నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు.

పానా కొనేముందు కప్పు కొలత చూసుకోండి. డియోర్ స్థాయి ఎంటీ501 కప్పు బయటి కొలత 44 మిల్లీమీటర్లు, దానికి పై మెట్టైన ఎక్స్‌టీ స్థాయి ఎంటీ800ది 41. ఒకదాని పానా మరొకదానికి సరిపోదు, బాటమ్ బ్రాకెట్‌నూ పానానూ కలిపి ఆర్డరు పెట్టేటప్పుడు ఇది సరిచూసుకుంటే రెండో పార్సిలు ఖర్చు తప్పుతుంది.