అప్‌డేట్: చీటీలో ‘క్రెప్స్’ అంటే ఏమిటి?

పర్లాకిమిడి ఆసుపత్రి చీటీలో ‘బేసల్ క్రెప్స్’ అని, మోకాలి దగ్గర ‘క్రెపిటస్’ అని రాశారు, రెండూ ఒకటేనా అని అడిగాను. మీ జవాబులు, డాక్టరుగారి వివరణ కలిపి తేలింది ఇది.

మూలం ఒకటే, చిటపటమనడం. అర్థం మాత్రం చోటును బట్టి మారుతుంది.

క్రెప్స్ అంటే క్రెపిటేషన్స్, ఊపిరితిత్తుల్లో చప్పుడు. బేసల్ అంటే అడుగు భాగం. ఊపిరి పీల్చినప్పుడు, మూసుకుపోయిన సన్నని గాలి దారులు టక్కున తెరుచుకుంటే వినిపిస్తుంది. చెవి దగ్గర వెంట్రుకలను వేళ్లతో నలిపినట్టుంటే ‘ఫైన్’. గుండె వైఫల్యంలో నీరు చేరినా, ఊపిరితిత్తి గట్టిపడినా ఇలాగే ఉంటుంది. మొరటుగా ఉంటే ‘కోర్స్’, ఎక్కువగా కఫం వల్ల. అందుకే దగ్గించి మళ్లీ వింటారు: కఫం చప్పుడు మారుతుంది లేదా పోతుంది. ఛాతీ మీద వెంట్రుకలకు స్టెతస్కోపు రాసుకున్నా ఇదే చప్పుడు. అక్కడ తడిపి, గట్టిగా అదిమి వినాలి.

ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పేటప్పుడు దీన్ని పిల్లికూతలు అనకండి. అది వీజ్, ఉబ్బసంలో వచ్చే ఈల లాంటి శబ్దం. ఈ తేడా చాలా ముఖ్యం.

మోకాలి క్రెపిటస్ కీలు కరకరమనడం. నొప్పి, వాపు లేకపోతే సాధారణంగా భయం లేదు. విరిగిన ఎముక దగ్గరైతే ఆ చప్పుడు కోసం కదిపి చూడకూడదు, నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. ఛాతీకి దెబ్బ తగిలాక చర్మం నొక్కితే చిటచిటమంటే లోపల గాలి చేరినట్టు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.